బిడ్డల మూత్రపరీక్షయు, లోహవిషభయమును



గడచిన మాఘమాసమున నొక మధ్యాహ్నము మా వీధిలోని యొక యిల్లాలు నాలుగేండ్ల కుమారుని చంకనిడుకొని మా యింటికి వచ్చి, కాగితముల కట్ట యొకటి నా ముందుంచినది. "అక్కయ్యగారూ, ఇందులో ఏమున్నదో మాస్టారిచేత చదివించి చెప్పండి. వీడి ఒంట్లో పాదరసమూ సీసమూ చేరాయట. అందుకే మాటలు రాలేదట" అని చెప్పుచు కంట నీరు పెట్టుకొన్నది. మాస్టారు బడిలో నుండిరి గనుక నేనే చదివితిని.

ఆ పిల్లవానిని నేను పుట్టినది మొదలు ఎఱుగుదును. చూచుటకు చక్కని బిడ్డ. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడడు. గిన్నెమూత దొరకెనా, దానిని నేలపై గిఱగిఱ త్రిప్పుచు గంటలకొలది కూర్చుండును. నాలుగేండ్లు నిండినను "అమ్మ" యను మాట పలుకలేదు. పట్టణమున నొక చికిత్సాలయమువారు వాని మూత్రమును సీసాలో పట్టి దూరదేశపు పరీక్షాలయమునకు పంపిరట. వచ్చిన కాగితముపై వరుసగా గీతలు. ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు రంగుల గళ్లు. పార్ఫిరినులు అను పదార్థములలో రెండింటి గీతలు ఎఱ్ఱగడి దాకా పోయినవి. క్రింద "లోహవిషము సూచితమగుచున్నది" అని వ్రాసియున్నది. ఇక వారమునకొకసారి నరములోనికి మందెక్కించి లోహమును వెడలగొట్టవలెనట. ఒక సంవత్సరము పట్టునట. ఆమె తన గాజుల జతను తాకట్టు పెట్టుటకు సిద్ధపడి, చివరిమాటగా నన్నడుగ వచ్చినది.

ఎఱుగని విషయమున తల యూపుట నాకు చేతకాదు. నాలుగు దినములు గడువడిగి, దొరకిన వైద్యగ్రంథములు చదివితిని. తెలిసిన పిల్లల వైద్యురాలి నొకరిని అడిగితిని. అట్లు గ్రహించినది మీకును నివేదించుచున్నాను.

పార్ఫిరిను అను పేరు గ్రీకు భాషనుండి వచ్చినది. పూర్వము సముద్రపు నత్తలనుండి తీసిన ఊదారంగునకు ఆ భాషలో పోర్ఫురా యని పేరు. మన రక్తమునకు ఎఱ్ఱదనము నిచ్చునది హీము అను పదార్థము. దానిని శరీరము ముఖ్యముగా ఎముకల మూలుగయందును, కాలేయమునందును ఎనిమిది మెట్లలో తయారు చేసికొనును. పెద్ద వంటయింట ఒకరు తరిగిన కూరను ఇంకొకరు తాళింపు వేసి, వేరొకరు దించినట్లు, మెట్టుకొక ఎంజైము పని చేయును. నడుమ నడుమ తయారగు పదార్థములే పార్ఫిరినులు. కడపటి మెట్టున వాని నడిమిని ఇనుము పొదుగగా హీము ఏర్పడును. ఆకులలోని పచ్చదనము కూడ ఈ జాతి నిర్మాణమే. అందు ఇనుమునకు బదులు మెగ్నీసియము కూర్చుండును. రక్తపు టెఱుపును ఆకు పచ్చదనమును ఇట్లు చుట్టములగుట చదివినప్పుడు నాకు కలిగిన యాశ్చర్యము ఇంతంత కాదు. ఈ రెండింటి నిర్మాణమును శోధించినందులకే జర్మనుదేశీయుడైన హాన్సు ఫిషరు గారికి 1930 లో నోబెలు బహుమాన మిచ్చిరి.

ఈ తయారీలో మిగిలిన కొంచెము పార్ఫిరిను ఆరోగ్యవంతులకు సయితము మూత్రమున పోవుచునే యుండును. సీసము శరీరమున చేరినచో రెండవ మెట్టునందలి ఎంజైమును, కడపటి మెట్టునందలి ఎంజైమును అడ్డగించును. అప్పుడు ఇనుము పొదుగవలసిన చోట జింకు పొదుగుకొనును. కోప్రోపార్ఫిరిను అనునది మూత్రమున హెచ్చుగా పోవును. రక్తములోని సీసమును నేరుగా కొలుచు సాధనములు వ్యాపింపని దినములలో సీసపు కార్ఖానాల వైద్యులు పనివారి మూత్రమున దీనినే కనిపెట్టి చూచెడివారు. కావున ఈ పరీక్ష వట్టి బూటకమని త్రోసివేయ వీలులేదు. దాని పుట్టుక సత్యమైనదే.

పాదరసము సంగతియు నిట్లే మొదలైనది. అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమున జేమ్సు వుడ్సు అను శాస్త్రజ్ఞుడు, పండ్లకు పాదరసపు మిశ్రమము నింపు దంతవైద్యుల మూత్రమున కొన్ని పార్ఫిరినులు మార్పు చెందుట కనుగొనెను. తరువాత 2006 లో, ఆటిజము గల పిల్లల మూత్రమున పార్ఫిరినులు హెచ్చుగా నున్నవని ఫ్రాన్సుదేశపు వ్యాస మొకటి వెలువడినది. అంతట, "ఆటిజమునకు పాదరసమే కారణము, మూత్రమును చూచిన తెలియును" అను ప్రచారము తల్లిదండ్రులలో దావానలమువలె వ్యాపించినది. కాని ఆ వుడ్సు గారి బృందమే 2010 లో ప్రకటించిన పరిశోధన యేమి చెప్పినది? ఆటిజము గల పిల్లలలో కొన్ని పార్ఫిరినులు హెచ్చుగానే యున్నవి. కాని వారి మూత్రములోని పాదరసమునకును ఆ హెచ్చుదలకును సంబంధము కానరాలేదు. ఈ రెండవ మాటను ప్రచారకులు చెప్పరు.

చిన్ననాడు మా తండ్రిగారు నాకు తర్కసంగ్రహము చెప్పుచు, పర్వతముపై పొగను చూచి నిప్పు కలదని యూహించు పాఠము పదిమారులు వల్లె వేయించిరి. ఆడపిల్లకు తర్క మెందుకని మా మేనత్తగారు సణిగెడివారు. పొగ యున్నచోట నిప్పు తప్పక యుండునను నియమ మున్నప్పుడే ఆ యూహ నిలుచును. తెల్లవారుజామున చెఱువుమీది మంచుతెరను చూచి పొగ యని భ్రమసి, నీటి నడుమ నిప్పున్నదన్నచో అది హేత్వాభాసము. మూత్రమున పార్ఫిరిను హెచ్చుట ఇట్టి మంచుతెర కావచ్చును. కాలేయపు జబ్బుల వలన హెచ్చును. జ్వరము, ఉపవాసము, కొన్ని మందులు, ఇవి యన్నియు దానిని కదలించును. వెలుతురు తగిలిన నశించు పదార్థము గనుక సీసాను చీకటిలో నుంచకున్న లెక్క తప్పును. దానికితోడు, మూత్రము పలుచనో చిక్కనో యగుటచేత పార్ఫిరినును క్రియాటినిను అను వేఱొక పదార్థముతో పోల్చి లెక్కింతురు. పసిబిడ్డల కండ తక్కువ గనుక వారికి క్రియాటినినును తక్కువ. లెక్కలో పార్ఫిరిను సహజముగనే పెద్దదై కనబడును. ఆ పిల్లవాని కాగితమున వయస్సును బట్టిన హద్దులు ఎచ్చటను లేవు. పెద్దవాండ్ర కొలతతో పసివానిని కొలిచియుండవచ్చునని వైద్యురాలనిరి.

రక్తములో జింకు పొదిగిన పార్ఫిరినును చూచుట మఱియొక పరీక్ష. అమెరికాలో 1970 తరువాతి సంవత్సరములలో పిల్లలకు దీనిని విరివిగా చేసిరి. సీసము బాగుగా ముదిరిన తరువాతగాని అది హెచ్చరింపదని తెలిసి 1991 లో ఆ పద్ధతి మానుకొని, రక్తములోని సీసమునే కొలువవలెనని నిర్ణయించిరి. ఇనుము కొరవడినను ఈ పార్ఫిరిను పెరుగును. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున ఆరు మాసములు మొదలు అయిదేండ్ల లోపు బిడ్డలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదని తేలినది. అట్టిచోట ఈ యొక్క పరీక్షను నమ్మి సీసమని తీర్పు చెప్పుట యెట్లు?

లోహమును వెదకదలచిన లోహమునే కొలువవలెను. ఇందులకు చరిత్రలో చక్కని దృష్టాంతము కలదు. పాశ్చాత్యదేశములలో పూర్వము చంటిబిడ్డల కొకవిధమగు వింత వ్యాధి వచ్చెడిది. అరచేతులు, అరికాళ్లు గులాబిరంగుగా కమలి, బిడ్డలు చెమటతో తడిసి, వెలుతురు చూడలేక, ఎత్తుకొన్నను ఊరడిల్లక రాత్రింబవళ్లు ఏడ్చెడివారు. అనేకులు మరణించిరి. కారణము దశాబ్దములు తెలియలేదు. సిన్సినాటి నగరమున జోసెఫు వార్కనీ అను వైద్యుడును హబ్బర్డు అను సహచరుడును ఆ బిడ్డల మూత్రమున పాదరసమునే వెదకి కనుగొని 1948 లో ప్రకటించిరి. అది యెక్కడనుండి వచ్చినది? పండ్లు వచ్చునప్పుడు నొప్పి తగ్గునని తల్లులు నాలుకపై వేసిన చూర్ణములనుండి! వానిలో కెలోమెలు అను పాదరసపు లవణము కలదు. ఆ చూర్ణముల అమ్మకము మానిపించిన పిదప వ్యాధి దాదాపు మాయమైనది. ప్రేమతో పెట్టిన మందే విషమైన ఆ తల్లులను తలచుకొన్నప్పుడు నాకు గుండె బరువెక్కును.

ఇంకొక మోసకరమైన పద్ధతి గలదు. ముందుగా లోహమును బయటికి లాగు మందు నిచ్చి, పిమ్మట మూత్రమును పట్టి, అందులోని లోహమును మందు తినని వారి హద్దులతో పోల్చుట. ఆ మందు తిన్నచో ఆరోగ్యవంతుని మూత్రమందును లోహము హెచ్చుగా కనబడును. ఏలననగా కొద్దిపాటి లోహము లేని మానవ శరీరము ఈ కాలమున లేదు. ఇట్టి పరీక్ష శాస్త్రసమ్మతము కాదని అమెరికా విషవైద్యుల కళాశాలవారు బహిరంగముగా ప్రకటించియున్నారు.

పరీక్ష తప్పినచో సొమ్ము పోవును, అంతేకదా యని యనుకొనరాదు. దాని వెనుక వచ్చు చికిత్స ప్రాణముతో చెలగాటము. లోహమును పట్టి లాగు ఈ చికిత్సకు కీలేషను అని పేరు. ఈడీటీఏ అను మందు ఇందు వాడుదురు. అది రెండు విధములు: ఒకదానిలో కాల్షియము చేరియుండును, రెండవదానిలో నుండదు. పేర్లు ఇంచుమించు ఒక్కటే. రెండవది రక్తములోని కాల్షియమును లాగివేయగా గుండె ఆగిపోవచ్చును. 2005 లో అమెరికాలో ఇద్దరు బిడ్డలు ఇట్లే మరణించిరి. టెక్ససు రాష్ట్రమున రెండేండ్ల బాలిక. ఆమెకు సీసము నిజముగా హెచ్చుగనే యున్నది, కాని ఎక్కించిన మందు వేఱు. పెన్సిల్వేనియాలో అయిదేండ్ల బాలుడు. అతనికి ఆటిజము నయమగునని ఆ మందెక్కించిరి. ఆ దేశపు వ్యాధినివారణ సంస్థ 2006 లో ఈ మరణములను గూర్చి నివేదిక ప్రకటించినది.

సరియైన మందు సరిగా ఇచ్చినను ఫలమెంత? రక్తమున డెసిలీటరుకు 20 మొదలు 44 మైక్రోగ్రాముల సీసము గల 780 మంది పిల్లలపై అమెరికాలో పెద్ద పరిశీలన జరిగి, 2001 లో ఫలితములు వెలువడినవి. మందు సేవించిన వారి రక్తమున సీసము తగ్గినది గాని, బుద్ధిబలమునందు మందు సేవింపని వారికంటె మేలేమియు కానరాలేదు. అందుచేతనే 45 మైక్రోగ్రాములు, అంతకు మించిన యెడలనే పిల్లలకు ఈ చికిత్సను ప్రపంచారోగ్యసంస్థ 2021 లో నిర్దేశించినది. తక్కువ మోతాదున చేయదగిన ముఖ్యమైన పని, సీసము ఎక్కడనుండి వచ్చుచున్నదో వెదకి దానిని తొలగించుట. ఇది యింటి యిల్లాలి కంటికి దొరకునంతగా ఏ వైద్యునికిని దొరకదు.

కావున మీ బిడ్డకు సీసము సోకినదేమో యని అనుమానము కలిగినచో, నరమునుండి తీసిన రక్తములో సీసమును కొలువుడని వైద్యుని అడుగవలెను. వ్రేలికొనను పొడిచి తీసిన రక్తమైనచో చర్మముపైని ధూళి కలిసి లెక్క పెరుగవచ్చును. అది హెచ్చుగా వచ్చిన నరపు రక్తముతో మరల చూడవలెను. ఇంత వరకు మంచిదను హద్దు సీసమునకు లేదు. అయినను 5 మైక్రోగ్రాములు దాటినచో మూలము వెదకవలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. అమెరికావారు 2021 లో తమ హెచ్చరిక గీతను 3.5 కు దించిరి. పాదరసమునకు, అది ఆవిరిగానో లవణముగానో సోకినచో మూత్రములో పాదరసమునే కొలుతురు; చేపల ద్వారా వచ్చినచో రక్తములో చూతురు.

లోహము కనబడినంతనే వ్యాధికారణము దొరకినదనియు తొందరపడరాదు. 2020 డిసెంబరులో ఏలూరున వందలకొలది జనులు మూర్ఛలతో ఆస్పత్రికి చేరినప్పుడు రక్తమున సీసము, నికెలు కలవని మొదట వార్తలు వచ్చినవి. పిమ్మట నిపుణుల దృష్టి పురుగుమందుల వైపు మఱలినది.

ఇక ఇంటిలోని మూలములు. పెద్దలకంటె బిడ్డల శరీరము నాలుగైదు రెట్లు అధికముగా సీసమును పీల్చుకొనును. వారు నేలపై ప్రాకుదురు, చేతులు నోటనిడుకొందురు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున పిల్లలకు కడుపునొప్పులు, కాళ్లు చేతులు పడిపోవుట ఏల వచ్చుచున్నవో తెలియక యుండగా, వసారా కమ్ములకు వేసిన రంగు ఎండకు పొడియై చేతుల కంటి నోటిలోనికి పోవుచున్నదని లాకుహార్టు గిబ్సను అను కంటివైద్యుడు 1904 లో కనిపెట్టెను. మన దేశమున ఇంటి రంగులలో పది లక్షల భాగములకు 90 భాగములకు మించి సీసముండరాదను నియమమును 2016 లో చేసిరి. 2017 నవంబరు నుండి అమలైనది. అంతకు ముందటి తలుపులు, ఊయలలు, కిటికీలు మన యిండ్లలో ఎన్ని లేవు! పాతరంగును పొడిగా గీకింపకుడు. తడిపి తీయించి, ఆ దినమున బిడ్డలను వేఱుచోట నుంచుడు.

పసుపు మాట చెప్పినచో కొందఱు నాపై కోపగింపవచ్చును. దోషము పసుపుది కాదు, దానికి పూసిన రంగుది. బంగ్లాదేశమున కొమ్ములకు మెరుగు పెట్టునప్పుడు పచ్చగా నిగనిగలాడుటకై సీసపు క్రోమేటు కలుపుచుండిరని 2019 లో పరిశోధకులు బయటపెట్టిరి. ఆ ప్రభుత్వము వెంటనే దుకాణములు తనిఖీ చేసి, జరిమానాలు విధించి, ఊరూర చాటించినది. అంగడి పసుపు నమూనాలలో నూటికి 47 కలుషితమై యుండగా 2021 నాటికి ఒకటియు లేకపోయినది. రెండేండ్లలో నింత మార్పు! కొమ్ములు కొని ఇంట దంచుకొన్నంతనే నిర్భయమని యనుకొనుచున్న నాకు ఇది కనువిప్పైనది. మితిమీరి మెఱయు కొమ్ములను విడిచి, మట్టిరంగుగా గరుకుగా నున్నవానిని ఏరుకొనుట మేలు.

సత్తుగిన్నె చారు రుచి మనకు ప్రాణము. శుద్ధమైన తగరముతో భయము లేదు. తగరములో చౌకగా దొరకు సీసము కలిపినచో చింతపండు పులుపు దానిని కరగించును. ఇత్తడి పాత్రల కళాయికిని ఇదే మాట. పాత సామానులు కరగించి పోసిన నాసిరకపు అల్యూమినియము గిన్నెలలోను సీసము కనబడినది. కాటుకను ఆముదపు దీపపు మసితో ఇంట పట్టిన చింత లేదు. నల్లరాయి నూరి చేసిన సుర్మాలో ఆ రాయి సీసపు గంధకిదమే కావచ్చును. పసుపును మార్చి చేసిన కుంకుమ వేఱు, సిందూరము పేర అమ్మబడు ఎఱ్ఱసీసము వేఱు. సంస్కృతమున సీసమునకు నాగమని పేరు. ఆ పేరు పెట్టిన వారికి దాని గుణము తెలిసియేయుండును. 2004 లో బోస్టను నగరపు మన దేశీయుల అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా 14 ఇంటిలో సీసమో, పాదరసమో, పాషాణమో కలదని తేలినది. ఆయుర్వేదమును నిందించుట నా యుద్దేశము కాదు. మా యింట శొంఠి, వాము, వస నేటికిని నడచుచున్నవి. కాని భస్మములను చంటిబిడ్డలకు తోచినట్లు నాకించుట తగదు. పాత బ్యాటరీల పని చేయు పురుషులు పనిబట్టలతో బిడ్డ నెత్తుకొనరాదు. ఆ బట్టలు వేఱుగా ఉతుకవలెను. జ్వరమాని పగిలినచో పాదరసమును చీపురుతో ఊడ్వక, కిటికీలు తెఱచి, గట్టి కాగితముతో మెల్లగా ఏరి మూతగల సీసాలో వేయవలెను. కడుపునిండ తిని, ఇనుమును కాల్షియమును చాలినంత గల బిడ్డలకు సీసము తక్కువగా అంటును గనుక, ఆకుకూర, రాగి, పాలు, పెసలు మఱువవలదు.

మా వీధి పిల్లవాని రక్తము తీయించితిమి. సీసము 2.8 వచ్చినది. ఆ మాట విన్న తల్లి సంతోషించునని నేననుకొంటిని. ఆమె గోడకు చేరగిలి వెక్కి వెక్కి ఏడ్చినది. "విషమైతే విరుగుడుండేది గదా అక్కయ్యగారూ" అన్నది. నాకు బదులు తోచలేదు. ఆ రంగుగళ్ల కాగితము ఎందుకు అంత ముద్దుగా తోచినదో అప్పుడు నాకు తెలిసినది. అది వ్యాధికొక పేరును, పేరునకొక మందును చూపినది. మిగిలినవారందఱు "చూతము, కాలము పట్టును" అనిరి.

వైద్యురాలి సలహాపై మొదట చెవులు పరీక్ష చేయించినాము; మాట రాని బిడ్డకు మొదట చూడవలసినది వినికిడియట. వినికిడి బాగుగనే యున్నది. పిమ్మట జిల్లా ఆస్పత్రిలోని శీఘ్ర చికిత్సా కేంద్రమునకు తీసికొనిపోతిమి. 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇట్టి కేంద్రములు జిల్లాలలో పెట్టియున్నారు, రుసుము లేదు. అక్కడ ఆటిజమని నిర్ణయించి, వారమునకు రెండుమారులు మాట నేర్పుచున్నారు, ఆట నేర్పుచున్నారు, ఇంట చేయవలసినది తల్లికి చూపుచున్నారు. గాజులు ఆమె చేతనే యున్నవి.

వానికి ఇంకను మాట రాలేదు. మొన్న మా యింటికి వచ్చి ఎప్పటివలె మూత త్రిప్పుచు కూర్చుండెను. తల్లి వీధిగుమ్మమునుండి పేరు పెట్టి పిలువగా, త్రిప్పుట ఆపి, ఒక్కసారి తల యెత్తి చూచెను.